చొక్కాజేబులో సినిమాహాలు

మనం సినిమాకి వెళ్ళటం పాత ముచ్చట. సినిమాయే మన ఇంటికి రావటం టెలివిజనుతో వచ్చిన ముచ్చట. ఇప్పుడు మూడోది ఒకటి బయలుదేరింది. సినిమాని జేబులో వేసుకుని, మనం ఎక్కడికి పోతే అక్కడికి వెంటబెట్టుకుపోవటం! ఈ విడ్డూరానికి పేరు పాకెట్ ప్రొజెక్టరు. పేకముక్కల కట్టలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత వుంటుందో అంత పెట్టె. ముందు ఒక గాజు కన్ను, వెనక ఒక మీట, పక్కన సెల్‌ఫోనూ కంప్యూటరూ తగిలించుకునే రంధ్రాలు. మీట నొక్కి గోడకేసి తిప్పితే గోడ మీద బొమ్మ పడుతుంది. ఆడుతుంది, పాడుతుంది, అవసరమైతే ఉపన్యాసం కూడా ఇస్తుంది.

జేబు అన్నాను గదా అని షర్టు మీది పైజేబు ఊహించుకోకండి. లాల్చీ పక్కజేబయితే సుఖంగా పడుతుంది.

ఇది నా దగ్గర రెండున్నరేళ్ళుగా వుంది. 18 వేల రూపాయలు పోసి కొన్నాను. అది చూసినవాళ్ళంతా, మా వీధివాళ్ళు మొదలు బస్సులో పక్కసీటు పెద్దమనిషి దాకా, అడిగే ప్రశ్న ఒక్కటే: "మేమూ ఒకటి కొనచ్చంటారా?"

టెలివిజనుకి బదులుగా అయితే వద్దు. తెర దగ్గరికి రాలేని మనుషులు మీ ఇంట్లోనో, మీ ఊళ్ళోనో వుండి, వాళ్ళ దగ్గరికి తెరని తీసుకుపోవాలని వుంటే తప్పకుండా కొనండి. నేను చెప్పదలిచినది ఇంతే. ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పటానికే ఈ మిగతా అంతా.

దీపం, బొమ్మ, తెర

ఈ మూడూ మనకి కొత్తవి కావు. తెల్లటి పంచెలు కట్టి, వెనక ఆముదపు దీపాలు పెట్టి, తోలుబొమ్మలవాళ్ళు రాత్రి తెల్లవార్లూ రామరావణ యుద్ధం నడిపించిన దేశం మనది. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో ఆ తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ వున్నాయి. పడమటి దేశాల్లో 1659లో హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ గాజుపలక మీద గీసిన బొమ్మని దీపంతో, కటకంతో గోడ మీదికి పెద్దది చేసి పంపే ఉపాయం కనిపెట్టాడు. దాన్ని మాయాదీపం అన్నారు. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు మన దేశంలో మొదటిసారి పడ్డాయి.

తరవాత మనవాడే ఒకాయన రంగంలోకి దిగాడు. బందరులో పుట్టి, మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1910 ప్రాంతాల 'క్రోనోమెగాఫోన్' అనే యంత్రాన్ని తెప్పించి, డేరాలు వేసి బొమ్మలు ఆడించారు. బర్మాకీ, సింహళానికీ కూడా యంత్రాన్ని మోసుకెళ్ళారు. ఆ సరంజామాకి పెట్టెలు, బళ్ళు, కూలీలు, డేరా కర్రలు, ఇంకా ఎన్నో కావాలి. ఆయన బండెడు సామానుతో చేసిన పనిలో కొంత భాగాన్ని నా లాల్చీజేబు చేస్తోంది. కొంత భాగమే సుమా! ఎంత భాగమో లెక్క ముందు చెబుతాను.

పెసరగింజలో నాలుగు లక్షల అద్దాలు

ఈ పెట్టె ఇంత చిన్నది కావటానికి ఇద్దరు ముగ్గురు మహానుభావుల శ్రమ కారణం. అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పనిచేసిన లారీ హార్న్‌బెక్ 1987లో ఒక చిత్రమైన బిళ్ళ తయారుచేశాడు. దాని మీద కంటికి ఆనని అద్దాలు బారులు తీరి వుంటాయి. ఒక్కొక్కటి మన తలవెంట్రుక మందంలో పదో వంతు మాత్రమే. ప్రతి అద్దమూ సెకనుకి వేలసార్లు అటూ ఇటూ ఒరుగుతుంది. ఇటు ఒరిగితే వెలుగు కటకంలోంచి గోడ మీదికి పోతుంది; అటు ఒరిగితే పక్కకి పోతుంది, గోడ మీద ఆ చుక్క చీకటి అవుతుంది. ఎక్కువసేపు ఇటు వుంటే ఎక్కువ వెలుగు, తక్కువసేపు వుంటే తక్కువ వెలుగు. బొమ్మ అంతా ఈ ఒరుగుళ్ళ లెక్కే. పెద్ద సినిమాహాళ్ళలో రీళ్ళు పోయి డిజిటల్ ప్రదర్శన రావటానికి ఇదే మూలం. అందుకని హార్న్‌బెక్‌కి 2015లో ఆస్కార్ బహుమానం కూడా ఇచ్చారు. సినిమాలో వేషం వెయ్యకుండా, ఒక్క పాటా రాయకుండా ఆస్కార్ తెచ్చుకున్నాడన్నమాట!

నా పెట్టెలో అడ్డంగా 854, నిలువుగా 480, వెరసి 4,09,920 అద్దాలు వున్నాయి. అవన్నీ పెసరగింజంత చోట్లో సర్దుకుని కూచున్నాయి.

రెండో సంగతి దీపం. పూర్వపు ప్రొజెక్టర్లలో పెద్ద బల్బు వుండేది. కాలిపోతూ, సెగలు కక్కుతూ, రెండు మూడు వేల గంటలకి ఆయుష్షు తీరేది. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. ఎరుపు, పచ్చ, నీలం మూడు దీపాలు ఒకదాని తరవాత ఒకటి మనకి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతూ వుంటే, కంటిలో అవి కలిసిపోయి అన్ని రంగులూ అవుతాయి. ఇందులో నీలిదీపమే చాలాకాలం ఎవరికీ లొంగలేదు. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ దీపాలు వేడెక్కటం తక్కువ, కరెంటు తాగటం తక్కువ. అందుకే బ్యాటరీతో వెలుగుతాయి.

ఆరంభంలో ఇవి చాలా నీరసంగా వుండేవి. 2008లో ఆప్టోమావారి జేబుప్రొజెక్టరు వచ్చింది. 2009లో నికాన్‌వారు కెమెరాలోనే ప్రొజెక్టరు పెట్టారు. 2012లో శామ్‌సంగ్‌వారు గెలాక్సీ బీమ్ అని సెల్‌ఫోనులోనే పెట్టేశారు. వాటి వెలుగు పది పదిహేను ల్యూమెన్లు. ముచ్చట తీరింది గాని బొమ్మ తీరలేదు. 2017లో యాంకర్ సంస్థ సోడాడబ్బా అంత యంత్రంలో 100 ల్యూమెన్లు తెచ్చింది. నాదీ 100 ల్యూమెన్లదే.

దోసెపిండి లెక్క

ల్యూమెను అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. వంటింట్లోనే జవాబు దొరికింది. గరిటెడు పిండితో దోసె వేస్తాం. ఆ పిండినే చిన్నగా వేస్తే దిబ్బరొట్టె అవుతుంది. పెనం నిండా తిప్పితే పేపరుదోసె అవుతుంది. పిండి పెరగదు, పల్చబడుతుంది. ల్యూమెన్లు గరిటెలో పిండి. బొమ్మ సైజు పెనం మీద దోసె.

నా 100 ల్యూమెన్లని మూల నుంచి మూలకి 40 అంగుళాల బొమ్మగా వేస్తే, గోడ మీద సుమారు 225 లక్సుల వెలుగు పడుతుంది. చదరపు మీటరుకి ఒక ల్యూమెను పడితే ఒక లక్సు. అదే బొమ్మని 80 అంగుళాలు చేస్తే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అంటే 57 లక్సులు. 120 అంగుళాలు చేస్తే 25. ప్రకటనల్లో "120 అంగుళాల తెర మీ ఇంట్లో" అని రాసేది ఈ పాతిక లక్సుల బొమ్మ గురించే! అబద్ధం కాదు, పేపరుదోసె.

సినిమాహాల్లో ఎంత వుంటుందంటారా? అక్కడి కొలత ప్రకారం మామూలు తెల్లటి తెర మీద 150 లక్సుల దాకా పడాలి. ఆ లెక్కన, చిమ్మచీకటిలో, నా పెట్టె 49 అంగుళాల వరకూ సినిమాహాలుతో సమానంగా నిలబడుతుంది. వెంకయ్యనాయుడుగారి పనిలో ఎంత భాగమని ఇందాక అన్నాను గదా, అది ఇదీ. నాలుగడుగుల సినిమాహాలు.

చిమ్మచీకటి అన్న మాట మరిచిపోకండి. ప్రొజెక్టరు గోడకి తెలుపు వెయ్యగలదు, ఎరుపు వెయ్యగలదు, నలుపు మాత్రం వెయ్యలేదు. బొమ్మలో నలుపు అంటే వెలుగు పడని గోడ. గదిలో ట్యూబులైటు వెలుగుతూ వుంటే ఆ గోడ తెల్లగానే వుంటుంది గనక, శ్రీకృష్ణుడి జుట్టు కూడా తెల్లగానే వుంటుంది. కాబట్టి ఈ యంత్రానికి కావలసిన మొదటి సామగ్రి చీకటి. అది మన దేశంలో రోజూ సాయంత్రం ఉచితంగా దొరుకుతుంది.

డాబా మీద మాయాబజార్

మా ఇంట్లో అయిదుగురం. ఆ అయిదుగురికీ ఆరు సెల్‌ఫోన్లు. రాత్రి భోజనాలయాక మా హాలు చూస్తే, తలా ఒక మూల తలా ఒక వెలుగు మొహాన పడుతూ, ఎవరి నవ్వు వాళ్ళే నవ్వుకుంటూ వుండేవాళ్ళం. అమ్మ మాత్రం మధ్యలో కూచుని, "ఏమిట్రా నవ్వుతున్నావు? నాకూ చెప్పు" అని ఒక్కొక్కణ్ణే అడిగేది. ఎవడూ సరిగా చెప్పేవాడు కాదు. చెప్పినా అది చెబితే నవ్వొచ్చేది కాదు.

మొన్న వేసవిలో ఒక శనివారం రాత్రి డాబా మీద మెట్లగది గోడకి సున్నం వేయించి వుంది గదా అని పెట్టె పట్టుకుని పైకి వెళ్ళాను. 1957లో వచ్చిన 'మాయాబజార్' పెట్టాను. నా పెట్టె బ్యాటరీ రెండు గంటలే వస్తుంది, ఆ సినిమా మూడు గంటల పైచిలుకు. అందుకని ముందే కింద నుంచి కరెంటు తీగ లాగి వుంచాను. చాపలు పరిచాం. అమ్మకి పడకకుర్చీ వేశాం. "ఎవరికి కావాలి ఆ పాత సినిమా" అన్న మా అబ్బాయి మొదట పిట్టగోడ మీద కూచుని ఫోను చూసుకున్నాడు. ప్రియదర్శిని పెట్టె తెరిచే ఘట్టం వచ్చేసరికి చాప మీదికి దిగాడు.

మూత తెరిచి చూస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపించే పెట్టె అది. మా అబ్బాయి "నాన్నా, ఇది మన ఫోనే గదా!" అన్నాడు. నిజమే. ఇప్పుడు తలా ఒక ప్రియదర్శిని పెట్టుకుని తిరుగుతున్నాం. ఎవరికి కావలసినది వారికే కనిపిస్తుంది. పక్కవాడికి కనపడదు. గోడ మీది బొమ్మకి ఆ గుణం లేదు. అందరికీ ఒకటే కనిపిస్తుంది. వివాహభోజనం దగ్గర అమ్మ నవ్వింది, పిల్లలు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఎవరూ ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. గోడ మీద పురుగుల కోసం వచ్చిన బల్లి ఒకటి శశిరేఖ బుగ్గ మీదుగా నడిచి వెళ్ళినప్పుడు అందరూ కలిసి ఇంకా ఎక్కువ నవ్వారు.

పక్క డాబావాళ్ళు పిట్టగోడ మీదుగా తొంగిచూశారు. "రండి, రండి" అన్నాం. వాళ్ళు వచ్చేటప్పుడు వేరుశనక్కాయలు తెచ్చారు. ఆ ఇంట్లో వున్న కోడలి పేరు మా అమ్మకి ఆ రాత్రే తెలిసింది. ఎదురెదురు ఇళ్ళలో నాలుగేళ్ళు కాపురం వుండి!

కొబ్బరితోటలో పాఠం

నేను కోనసీమలో కొబ్బరి రైతుల సంఘం ఒకదానిలో పనిచేస్తాను. 2016లో తమిళనాడులో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ తరవాత మన గోదావరి జిల్లాలకీ పాకింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా తెల్లటి గుడ్లు పెడుతుంది. రసం పీల్చి, బంక కారుస్తుంది. ఆ బంక కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి పడుతుంది. ఆ మసి చూసి రైతు హడిలిపోయి, కొట్టువాడు ఏ మందు ఇస్తే అది కొట్టేస్తాడు.

కథ అక్కడ వుంది. ఈ తెల్లదోమకి ఒక శత్రువు వుంది. పేరు ఎన్‌కార్సియా. మిల్లీమీటరు కూడా లేని చిట్టి కందిరీగ. అది దోమపిల్ల ఒంట్లో గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల నల్లబడి చస్తుంది, దాని వీపున గుండ్రటి చిల్లు చేసుకుని కొత్త కందిరీగ బయటికి వస్తుంది. ఘాటైన మందు కొడితే ముందు చచ్చేది మనకి మేలుచేసే ఈ జీవమే. తెల్లదోమ మళ్ళీ లేస్తుంది, దీనికి మాత్రం తేరుకోవటం కష్టం. అంటే రైతు డబ్బు పోసి తన కాపలాదారుణ్ణి తనే చంపుకుంటున్నాడు.

ఇది నోటితో వందసార్లు చెప్పాం. కరపత్రాలు పంచాం. "మిల్లీమీటరు పురుగు మా తోటని కాస్తుందా? చెప్పండి, చెప్పండి" అని నవ్వేవారు. చూడనిదాన్ని ఎలా నమ్ముతారు?

కెమెరాకి తగిలించే చిన్న భూతద్దంతో నల్లబడ్డ దోమపిల్లల్ని ఫొటో తీసుకున్నాను. మండల కేంద్రంలో సభ పెడతాం, పగలు పదకొండింటికి షామియానా వేయిస్తామన్నారు. షామియానా కింద పగటివెలుగు వేల లక్సులు. అక్కడ నా 100 ల్యూమెన్లు సూర్యుడి ముందు మిణుగురు. "రాత్రి ఏడింటికి, తోటలోనే, పశువుల కొట్టం దగ్గర పెట్టండి. షామియానా ఖర్చు కూడా మిగులుతుంది" అన్నాను. ఆ చివరిమాట వెంటనే నచ్చింది.

ముప్పై మంది వచ్చారు. కొట్టం గోడ మీద దుప్పటి కట్టి, నాలుగడుగుల వెడల్పున బొమ్మ వేశాను. ఆకు అడుగున వున్న చుట్టలు గోడ మీద చక్రాల్లా కనిపించాయి. నల్లటి దోమపిల్ల, దాని వీపు మీద చిల్లు బొప్పాయికాయ మీద కాకి పొడిచిన గాయంలా కనిపించింది. ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలో కూచున్న పెద్దాయన లేచి గోడ దగ్గరికి వచ్చి, ఆ చిల్లు మీద వేలు పెట్టాడు. ఆయన వేలు మీద బొమ్మ పడింది.

"ఈ నల్లవి మా తోటలో బోలెడున్నాయయ్యా. తెగులనుకుని ఎల్లుండి మందు కొట్టిద్దామని కూలీల్ని కూడా మాట్లాడుకున్నాను," అన్నాడు.

"నల్లవి ఎక్కువున్న తోటలో మందు కొట్టకండి బాబాయ్. నీళ్ళు గట్టిగా కొట్టించండి, చాలు," అన్నాను.

ఆయన కూలీలకి వద్దని చెప్పాడు. ఆ తోట నేను తరవాత వెళ్ళి చూశాను. తెల్లదోమ పూర్తిగా పోలేదు గాని చెట్లు తేరుకున్నాయి. పెద్దాయన ఇప్పుడు ఎవరు కనిపించినా ఆకు తిరగేసి నల్లచుక్కలు చూపించి పాఠం చెబుతున్నాడు. ఆయనకి ప్రొజెక్టరు అక్కర్లేదు.

మంచం మీది పందిరి

మా మేనత్తకి 82 ఏళ్ళు. నిరుడు కార్తీకమాసంలో నూతిచప్టా మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. హాల్లో టెలివిజను వుంది, చప్పుడు మాత్రమే ఆవిడకి వినిపిస్తుంది. ఫోను మొహం మీదికి పెట్టుకుంటే చెయ్యి నొప్పి. పట్టుకున్నా ఆ చూపుకి అందులో మనుషులు చీమల్లా వుంటారు. పెంకుటిల్లు. మూడు నెలలపాటు ఆవిడ చూసిన ప్రపంచమల్లా దూలం, వాసాలు, వాటి మధ్య సాలెగూడు.

అంతర్వేది తీర్థానికి ఆవిడ ఏటా వెళ్ళేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట, భీష్మ ఏకాదశినాడు నరసింహస్వామి రథం కదిలితే చూసి గాని ఆ మాఘమాసం ఆవిడకి మాఘమాసం కాదు. 2020 సెప్టెంబరులో పాతరథం కాలిపోయింది. ఆ కబురు విని రెండురోజులు అన్నం ముట్టలేదు. 2021లో కొత్తరథం వచ్చింది. కాని కరోనా ఒక ఏడు, మోకాళ్ళ నొప్పులు మిగిలిన ఏళ్ళూ అడ్డం వచ్చి ఆవిడ కొత్తరథాన్ని చూడనేలేదు. "స్వామి రథం చూడకుండానే పోతానేమోరా" అనేది.

ఈ ఏడు ఆవిడ మనవడు తీర్థానికి వెళ్ళి రథోత్సవాన్ని ఫోనులో పట్టుకొచ్చాడు. ఆ రాత్రి నేను పెట్టె పట్టుకుని వెళ్ళాను. వాసాల మీద బొమ్మ వేస్తే ముక్కలు ముక్కలు అవుతుంది. ఆవిడ మంచానికి దోమతెర కర్రలు నాలుగు వున్నాయి. తెల్లటి పంచెని రెండు మడతలు వేసి ఆ నాలుగు కర్రలకీ పైన పందిరిలా కట్టాం. పరుపు మీద పెడితే యంత్రానికి గాలి ఆడదు గనక కాళ్ళ దగ్గర పీట వేసి, దాని మీద చిన్న ముక్కాలి స్టాండుకి పెట్టె బిగించి పైకి తిప్పాను. మీటరు ఎత్తుకి బొమ్మ వెడల్పు మూడడుగులకి కొంచెం తక్కువ వచ్చింది. మంచం వెడల్పూ అంతే. దీపం ఆర్పేశాం.

రథం కదిలింది. మేనత్త పడుకునే రెండు చేతులూ జోడించింది. కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. జనం, గొడుగులు, మోకులు లాగే కుర్రాళ్ళు అన్నీ ఆవిడ మీద నుంచి నడిచి వెళ్ళాయి. ఉన్నట్టుండి, "ఆపరా! ఒరేయ్, ఆపు! వెనక్కి తిప్పు!" అంది.

భయపడి ఆపాను.

"ఆ మోకు పక్కన తెల్లచీరలో నిలబడ్డది మా వీధి పిల్ల కాదూ? చిన్నప్పుడు నాతో పుల్లకంపల మీద గట్టుదాటే పిల్ల! ఇంకా బతికే వుందిరా అది!"

పిల్లకి ఎనభై దాటి వుంటాయి. ముప్పై ఏళ్ళుగా ఇద్దరికీ కబుర్లు లేవట. మనవడు వాళ్ళ వూరివాళ్ళని అడిగి ఫోను నంబరు సంపాదించాడు. వారం తిరగకుండా ఆ 'పిల్ల' ఆటోలో దిగింది. ఇద్దరూ పంచెపందిరి కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, రథోత్సవం మళ్ళీ మొదటి నుంచీ వేయించుకున్నారు. బొమ్మ కంటే మాటలే ఎక్కువయ్యాయి. నేను చప్పుడు తగ్గించేశాను.

ఇప్పుడు అత్తయ్య చేతికర్ర పట్టుకుని అరుగు దాకా వస్తోంది. ఎముక అతికించింది డాక్టరుగారే. లేచి నడవాలన్న పట్టుదల మాత్రం ఆ పందిరి కింద పుట్టిందని మా బావ అంటాడు.

కొనేవారికి నాలుగు మాటలు

కొట్లో అడగవలసిన మొదటి మాట: "ఆన్సీ ల్యూమెన్లు ఎన్ని?" బొమ్మని తొమ్మిది గళ్ళు చేసి, ప్రతి గడి మధ్యలోనూ వెలుగు కొలిచి సగటు తీసే పద్ధతి అది. ఆ మాట లేకుండా ఉత్తినే "నాలుగు వేల ల్యూమెన్లు" అని డబ్బా మీద రాసి వుంటే ఆ అంకెని లెక్కలోకి తీసుకోకండి. రెండోది: యంత్రం అసలు చుక్కలు ఎన్ని? "1080కి సపోర్టు" అంటే అంత బొమ్మని లోపలికి తీసుకుంటుందని అర్థం. అంత బొమ్మని గోడ మీద వేస్తుందని కాదు. నేటివ్ రిజల్యూషన్ ఎంత అని అడిగితే కొట్టువాడు సర్దుకుని కూచుంటాడు.

యంత్రాన్ని గోడకి తిన్నగా పెట్టండి. వంకరగా పెట్టి, కీస్టోన్ మీటతో సరిచేస్తే బొమ్మ చతురంగా అవుతుంది గాని, ఆ మేరకి చుక్కలూ వెలుగూ పోతాయి. పెట్టె కింద పుస్తకం ఒకటి పెట్టి ఎత్తు సరిచెయ్యటం అన్నిటికంటే మేలు. పల్చటి పంచె మీద వేస్తే సగం వెలుగు అవతలికి పోతుంది; రెండు మడతలు వెయ్యండి. తోలుబొమ్మలాటలా తెర వెనక నుంచి వెయ్యాలంటే మాత్రం ఒంటిమడతే మంచిది. బొమ్మని కుడియెడమలు తిప్పే సదుపాయం చాలా యంత్రాల్లో వుంటుంది.

లోపల చిన్న పంకా తిరుగుతూ వుంటుంది, దాని రొద కొంత వినిపిస్తుంది. గాలిరంధ్రాలు మూయకూడదు. లోపలి స్పీకరు పదిమందికి చాలు, పాతికమందికి చాలదు. విడిగా స్పీకరు పెడితే తీగతో కలపండి. బ్లూటూతుతో కలిపితే ఒక్కోసారి పెదవి ముందు కదిలి మాట తరవాత వస్తుంది. నెలనెలా చందా కట్టి చూసే కొన్ని సినిమాలు ఫోను నుంచి గోడ మీదికి పంపితే కాపీ కాపలా వల్ల మాట వినిపించి బొమ్మ నల్లబడుతుంది. అది యంత్రం లోపం కాదు. పిల్లల్ని ఆ గాజుకన్నులోకి సూటిగా చూడనివ్వకండి.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి. ఇంట్లోవాళ్ళు ఇంట్లో చూసుకుంటే పేచీ లేదు. సినిమా పెట్టి వీధంతా పిలిచి చూపిస్తే అది బహిరంగ ప్రదర్శన. హక్కుదారుల అనుమతి కావాలి. పాఠశాలలో విద్యార్థులకీ, ఉపాధ్యాయులకీ, తల్లిదండ్రులకీ చూపించటానికి మాత్రం 1957 నాటి కాపీరైటు చట్టంలో మినహాయింపు వుంది. మనం తీసుకున్న ఫొటోలు, మన పెళ్ళిళ్ళు, మన తోటలోని పురుగులు ఎక్కడైనా ఎవరికైనా చూపించుకోవచ్చు. నా అనుభవంలో ఈ యంత్రం ఎక్కువ పనికివచ్చింది కూడా వాటికే.

హాల్లో పగలు క్రికెట్టు చూడటానికి పెద్ద తెర కావాలంటే ఆ డబ్బుకి మరికొంత కలిపి మంచి టెలివిజను కొనుక్కోండి. అందులో సిగ్గుపడవలసింది లేదు. ఈ పెట్టెకి డబ్బు పెట్టే ముందు మాత్రం ఒక సాయంత్రం కూచుని, మీ చుట్టాల్లోనూ ఇరుగుపొరుగులోనూ మంచం దిగలేనివాళ్ళూ, ఊరు కదల్లేనివాళ్ళూ, చూస్తేగాని నమ్మలేనివాళ్ళూ ఎవరెవరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టండి. లెక్క నాలుగు వేళ్ళు దాటితే కొనెయ్యండి. 100 ల్యూమెన్లు వాళ్ళకి పుష్కలంగా సరిపోతాయి.